‘రిపోర్టులన్నీ నార్మల్’ అని పంపేసే డాక్టర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జనరల్ ఫిజీషియన్లకు, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లకు

డాక్టర్ గారూ, నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని పొద్దున ఆరున్నరకు లేచినా పగలంతా నిద్ర నన్ను వదలదు. డిగ్రీ రోజుల నుంచీ ఇదే పరిస్థితి. ఏ ఊళ్ళో ఎవరికి చూపించుకున్నా మొదటి రోజు రక్తపరీక్షల చీటీ, రెండో రోజు ఒకటే మాట: “రిపోర్టులన్నీ నార్మలేనమ్మా, మీకేం లేదు.”

ఆ మాటలో మొదటి సగం నిజం. రిపోర్టులు నార్మల్‌గానే ఉన్నాయి. రెండో సగం నిజం కాదు. నాకు జబ్బుంది, రాసిన పరీక్షల్లో అది కనపడదు, అంతే. ఈ రెండు సగాల మధ్య నాలాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి ఇరుక్కుపోతున్నారు. అందుకే ఈ ఉత్తరం. ఓపీలో అంతమంది క్యూలో ఉంటే ఒక్కొక్కరికి మీరు ఎంతసేపు ఇవ్వగలరో నాకు తెలుసు. ఆ కొద్ది నిమిషాల్లోనే అడగగలిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అవి అడగమని కోరడానికే రాస్తున్నాను.

ముందు ఇది ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. ఎందుకంటే “నిద్ర ఎవరికి రాదమ్మా, నాకూ వస్తుంది” అని డాక్టర్లే అనడం విన్నాను.

పొద్దున పదకొండున్నర. ఇంకా అన్నం కూడా తినలేదు, కాబట్టి భుక్తాయాసం అనడానికి లేదు. నోట్ ఫైల్ రాస్తుంటాను. “పై విషయమై తమరికి మనవి చేయునది ఏమనగా” అన్నదాకా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. తర్వాతి మాట కొంచెం వాలుతుంది. ఆ తర్వాతిది చదవడానికి రాదు. ఆపైన ఒక సన్నటి గీత కిందికి జారి మార్జిన్ దాకా పోతుంది. పెన్ను చేతిలోనే ఉంటుంది. కళ్ళు తెరిచే ఉన్నాయని పక్క సీటావిడ చెబుతుంది. ఒక్కోసారి గీత బదులు పూర్తి మాటలే ఉంటాయి, ఫైలుకు సంబంధం లేనివి. ఒకసారి పెన్షన్ ప్రపోజల్ మధ్యలో “మినప్పప్పు నానబెట్టాలి” అని నా చేతిరాతతోనే ఉంది. రాసినట్టు నాకు తెలియదు. మెదడు సగం నిద్రలోకి జారిపోయినా చెయ్యి అలవాటుగా పనిచేసుకుంటూ పోతుందని, ఇలాంటి పేషెంట్లలో ఇది మామూలేనని ఆ తర్వాత ఎప్పటికో ఒక డాక్టర్ వివరించారు. ఆ మాట వినేదాకా నాకు మతి చలిస్తోందేమోనని లోలోపల టెన్షన్ పడుతూనే ఉన్నాను.

పొద్దున లేవడం ఇంకో నరకం. అలారం ఆపిన సంగతి గుర్తుండదు. మా ఆయన లేపితే “ఆ, లేచాను” అని స్పష్టంగా జవాబు చెబుతానట, అదీ గుర్తుండదు. లేచి నిలబడ్డాక కూడా ఒక గంటదాకా మాట తడబడుతుంది, వస్తువులు చేజారతాయి, పొయ్యి ముందు నిలబడి ఉండగానే పాలు పొంగిపోతాయి. చూసేవాళ్ళకు ఇది బద్ధకంలా కనపడుతుంది. మగవాడైతే కుంభకర్ణుడంటారు, ఆడదైతే ఊర్మిళాదేవి అంటారు. పెళ్ళయిన కొత్తల్లో మా అత్తయ్య ఏమీ అనకుండా తానే లేచి కసువు చిమ్మి కళ్ళాపి చల్లేది. ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఇప్పుడు మీ గదిలో జరిగేదానికి వస్తాను. నాలాంటి వాళ్ళు మీ ముందు కూర్చుని “నీరసంగా ఉంటోంది సార్” అంటారు. నిద్ర వస్తోందని చెప్పుకోవడం నామోషీ. అందుకని అందరూ నీరసమనే అంటారు. మీరు నాడి చూసి, కంటి కింది రెప్ప లాగి చూసి, బి కాంప్లెక్స్ రాస్తారు. ఊళ్ళలో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే సెలైన్ బాటిల్ ఎక్కిస్తారు. అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర. రెండు ఇడ్లీలు ఇచ్చే శక్తికి మించి అందులో లేదు. అయినా అది ఎక్కించుకున్న రోజు కాస్త హుషారుగా ఉన్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ రెండు గంటలు మంచం మీద పడుకోనిచ్చారు కాబట్టి. వారం తిరక్కుండా మళ్ళీ బాటిల్.

ఇక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటి ఉంది. “పగలు కాసేపు పడుకునే వీలు దొరికితే నిద్ర పడుతుందా, లేక ఒళ్ళు అలిసిపోయి ఉంటుందే తప్ప నిద్ర రాదా?” దీనికి జవాబు చెప్పడానికి ఎవరికైనా అర నిమిషం చాలు. ఆ జవాబును బట్టి దారులు వేరవుతాయి. అన్నిసార్లూ ఇంత తేలిగ్గా విడిపోవని నాకూ తెలుసు, రెండూ కలిసి ఉన్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ ప్రశ్న అడిగిన డాక్టర్ నాకు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఒళ్ళు సహకరించదు, నిద్ర మాత్రం రాదు అన్నవాళ్ళ విషయంలో మీకు నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. రక్తహీనత మన దగ్గర ఇంటింటి జబ్బు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. థైరాయిడ్, షుగర్, బి12 కూడా మీరు చూస్తూనే ఉన్నారు. ఒకటి రెండు మాటలు మాత్రం చేరుస్తాను. హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉన్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, అడుగంటి ఉండొచ్చు, ఆ నీరసం మామూలు రక్తపరీక్ష అయిన సీబీపీ రిపోర్టులో కనపడదు. పడుకోగానే కాళ్ళు పీకుతూ, అటూ ఇటూ కదిపితే తప్ప నిమ్మళించని వాళ్ళలో కూడా చాలామందికి మూలం ఈ ఐరన్ కొరతే. షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు బి12 తగ్గొచ్చు. డిప్రెషన్‌ను మరిచిపోవద్దు, అలాగని ఏమీ దొరకని ప్రతి మనిషికీ డిప్రెషన్ అని రాసెయ్యొద్దు. ఇంకో రకం పేషెంట్లు ఉన్నారు. ఏదో జ్వరం వచ్చి తగ్గాక ఆరు నెలలు దాటినా కోలుకోరు, కాస్త శ్రమ పడితే మర్నాడో ఆ మర్నాడో మంచం పడతారు. వాళ్ళకు “రోజూ వాకింగ్ చెయ్యి, మెల్లగా పెంచుకుంటూ పో” అని చెప్పడం మేలు కంటే కీడే చేస్తుంది. బ్రిటన్‌లో డాక్టర్లకు చికిత్స మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో వాటి నుంచి ఆ సలహానే తీసేసింది.

నేను రెండో గుంపు గురించి ఎక్కువ చెప్పాలి. వీలు దొరికితే చాలు నిద్రలోకి జారిపోయేవాళ్ళం మేము.

మమ్మల్ని ముందుగా “రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?” అని అడగండి. దానికి వచ్చే జవాబుతో ఆగిపోకండి, “ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు?” అని విడివిడిగా అడగండి. ఏడు గంటలు పడుకుంటున్నాననే ఇల్లాలు పదకొండున్నరకు గిన్నెలు తోమి, నల్లా నీళ్ళ కోసం నాలుగున్నరకు లేస్తుంది. అమెరికా టైమింగుల్లో పనిచేసే కుర్రాడు తెల్లారి పడుకుంటే కింద కూరగాయల బండి మైకు అరుస్తుంటుంది. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల పిల్లల సంగతి మనందరికీ తెలుసు. చీకటితో లేపి రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్స్ పెడతారు. ఆ వయసులో ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. చాలామంది నిద్రమత్తుకు కారణం ఇదే, చాలినంత నిద్ర లేకపోవడం. దానికి మందు నిద్రే.

కానీ ఆ హాస్టల్ పిల్లల మధ్యలోనే అసలు జబ్బున్న పిల్ల ఒకతె దాక్కుని ఉంటుంది. నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే మెదడు జబ్బు, ఎక్కువగా మొదలయ్యేది టీనేజీలోనే. అందరూ నిద్ర చాలక తూగుతున్న క్లాసులో జబ్బుతో తూగే పిల్లను గుర్తుపట్టేదెవరు? బెంచీ ఎక్కించి నిలబెడతారు, నిలబడీ నిద్రపోతే కొవ్వు పట్టిందంటారు. సెలవుల్లో ఇంటికొచ్చి పది రోజులు కడుపారా నిద్రపోయాక కూడా ఆ పిల్ల పట్టపగలు తూగుతుంటే దయచేసి ఆగి చూడండి. “నవ్వొచ్చినప్పుడు మోకాళ్ళలో సత్తువ పోయినట్టు, దవడ జారినట్టు అవుతుందా అమ్మా?” అని అడగండి. నిద్రపట్టే ముందో మెలకువ వచ్చినప్పుడో ఒళ్ళు కదలకుండా బిగిసిపోతుందా అని అడగండి. ఆ రెండోదానికి మన ఊళ్ళలో దయ్యం ఎక్కి కూర్చుందని తాయెత్తులు కడతారు. ఈ జబ్బుకు 1880లోనే ఫ్రెంచి వైద్యుడు జెలినో పేరు పెట్టాడు. మెలకువను నిలబెట్టే హైపోక్రెటిన్ అనే మెదడు రసాయనం 1998లో బయటపడింది. నవ్వితే కూలబడే రకం నార్కోలెప్సీలో ఆ రసాయనాన్ని తయారుచేసే కణాలే నశించిపోయి ఉంటాయని ఆ తర్వాత తేలింది. ఇంత స్పష్టమైన శారీరక జబ్బును మనం ఇంకా పొగరు, సోమరితనం అంటున్నాం.

తర్వాతి ప్రశ్న పేషెంట్‌కు కాదు, తోడొచ్చినవాళ్ళకు. “రాత్రి గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ తీసుకుంటారా?” మన ఇళ్ళలో గురక అంటే హాయిగా నిద్రపోతున్నారని లెక్క. గుర్రుపెట్టి పడుకున్నవాణ్ణి చూసి “అదృష్టవంతుడు” అంటారు. లోపల గొంతు మూసుకుపోయి, ఆక్సిజన్ పడిపోయి, మెదడు గంటలో ఎన్నోసార్లు తుళ్ళిపడి లేస్తూ ఉంటుంది. ఆ మనిషికి తెల్లారి నోరెండిపోయి ఉంటుంది, తలనొప్పి ఉంటుంది, ఎన్ని మాత్రలు మార్చినా బీపీ దిగదు. 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, పనిచేసే వయసువాళ్ళలో సుమారు 10 కోట్ల మందికి స్లీప్ ఆప్నియా అనే ఈ జబ్బు ఉండొచ్చని లెక్కగట్టారు. దీనికి 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టర్ సీపాప్ యంత్రం కనిపెట్టారు. రాత్రి ముక్కుకు మాస్కు పెట్టుకుంటే గాలి ఒత్తిడితో గొంతు తెరుచుకునే ఉంటుంది. మా ఆఫీసు డ్రైవర్ అన్న అది పెట్టుకోవడం మొదలుపెట్టిన నెలలోపే మనిషి మారిపోయాడు. లావుగా ఉన్న మగవాళ్ళకే ఇది వస్తుందని అనుకోకండి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో, సన్నగా ఉండి దవడ చిన్నగా ఉన్నవాళ్ళలో కూడా ఉంటుంది. ఆడవాళ్ళు గురక మాట ఎత్తరు, అలసటని, నిద్ర పట్టదని, తలనొప్పని చెబుతారు. అందుకే వాళ్ళలో ఇది తప్పిపోతుంది.

డ్రైవర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రాత్రిపూట హైవేల మీద పోలీసులు లారీలను ఆపి డ్రైవర్లతో మొహం కడిగించి, టీ ఇచ్చి పంపడం మనం చూస్తుంటాం. మంచి పనే. కానీ ఆప్నియా ఉన్న మనిషికి చన్నీళ్ళు ఎన్ని కిలోమీటర్లు కాపలా కాస్తాయి? లైసెన్సుకు కావాల్సిన ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది మీరే. సంతకానికి ముందు గురక గురించి ఒక మాట అడిగి, మెడకు టేపు చుట్టి చూడండి. చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలని స్క్రీనింగ్ ప్రశ్నావళుల్లో ఉంది.

మందుల సంచీ కూడా ఒకసారి తెప్పించుకుని, నిద్రమత్తు తెచ్చేవి ఉన్నాయేమో చూడండి. జలుబుకు వాడే సెట్రిజిన్, దగ్గు సిరప్‌ల్లోని క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికి రాసే ప్రీగాబలిన్, ఎప్పుడో ఎవరో రాస్తే షాపువాడు ఇప్పటికీ ఇస్తున్న అల్ప్రాజోలం. ఒక్కో డాక్టర్ ఒక్కోటి రాసి ఉంటారు. అన్నీ కలిపి చూసేవాళ్ళు మీరు తప్ప ఎవరూ లేరు.

ఇవేవీ కానివాళ్ళం మిగులుతాం. నేను ఆ మిగిలినదాన్ని.

నన్ను చివరికి ఆ మొదటి ప్రశ్న అడిగిన డాక్టర్ ఒక పెద్దావిడ. ఎప్‌వర్త్ స్కేలని ఒక కాగితం ఇచ్చారు. 1991లో ఆస్ట్రేలియా డాక్టర్ ముర్రే జాన్స్ తయారుచేసింది. చదువుతూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, మీటింగుల్లాంటి చోట ఊరికే కూర్చున్నప్పుడు, గంటసేపు బండిలో ప్రయాణిస్తున్నప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, భోజనం చేసి కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని ఎనిమిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 24కు 10 దాటితే ఎక్కువని లెక్క. నాకు 19 వచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని చూసి, “ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావమ్మా?” అన్నారు. డాక్టర్ ముందు ఏడవడం అదే మొదటిసారి.

రెండు వారాలు ఎప్పుడు పడుకున్నానో, ఎప్పుడు లేచానో డైరీ రాయించారు. తర్వాత హైదరాబాద్‌లో నిద్ర పరీక్ష. రాత్రంతా నెత్తికి, గడ్డానికి, ఛాతీకి, కాళ్ళకు వైర్లు అంటించి పడుకోబెట్టారు. మర్నాడు అసలు పరీక్ష. రెండేసి గంటలకు ఒకసారి గది చీకటి చేసి, “కళ్ళు మూసుకుని పడుకోండి మేడం, నిద్రపోవడానికి ప్రయత్నించండి” అంటారు. ఇరవై నిమిషాలు చూస్తారు. అలా నాలుగైదు సార్లు. రాత్రి సరిపడా నిద్రపోయిన మామూలు మనిషికి సగటున పది, పదిహేను నిమిషాలైనా పడుతుంది. సగటు ఎనిమిది నిమిషాలు, అంతకంటే తక్కువ అయితే అది జబ్బు కిందికి వస్తుంది. నాకు ప్రతిసారీ మూడు నాలుగు నిమిషాలే. నిద్రపోయిన పదిహేను నిమిషాల్లోపే కలల దశ కనీసం రెండుసార్లు వస్తే నార్కోలెప్సీ అంటారు. నాకు అది రాలేదు. ఊపిరి ఆగడం లేదు, కాళ్ళు కొట్టుకోవడం లేదు. కారణం ఏదీ లేకుండా అతినిద్ర ఉంది. దాని పేరు ఇడియోపతిక్ హైపర్‌సోమ్నియా. ప్రేగ్ నగరంలో బెడ్రిచ్ రోత్ అనే న్యూరాలజిస్టు 1950లలోనే ఇలాంటి పేషెంట్లను, లేవగానే ఉండే ఆ మైకాన్ని వర్ణించి, 1976లో ఈ పేరు ఖాయం చేశారు.

ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆ పెద్ద డాక్టర్ నాతో అన్నది ఇది: “మీకు జబ్బుంది. ఎందుకొచ్చిందో నాకు తెలియదు, ఇప్పటికి ఎవరికీ తెలియదు. పూర్తిగా పోతుందని చెప్పలేను. పగలు మెలకువగా ఉండటానికి మందులున్నాయి. మూడు నెలలకొకసారి రండి, చూసుకుంటూ పోదాం.”

డాక్టర్ గారూ, మీ నోటి నుంచి నేను కోరుకుంటున్నది ఆ మాటలే. మీకు తెలియదంటే మీ మీద గౌరవం తగ్గుతుందని అనుకోకండి. కారణం తెలియకపోవడాన్ని మేము భరించగలం. కారణం తెలియదు కాబట్టి జబ్బే లేదనడం మాత్రం మా ఇళ్ళలో మమ్మల్ని దోషుల్ని చేస్తుంది. మీరు “ఏం లేదు” అన్న రోజు సాయంత్రం ఆ మాట మీ గదిలోనే ఆగదు. “డాక్టరే ఏం లేదన్నాడు కదా, ఇంకా ఎందుకు పడుకుంటావు?” అని మొగుడు అంటాడు, అత్తగారు అంటుంది, ఆఫీసులో సూపరింటెండెంట్ అంటాడు. వాళ్ళకు అది సర్టిఫికెట్.

జబ్బుకు పేరు దొరికాక ఎలా నెట్టుకొస్తున్నానో కూడా రాస్తాను. మీ పేషెంట్లకు చెప్పడానికి పనికొస్తుంది. పొద్దున ఐదున్నరకు మా ఆయన నన్ను కూర్చోబెట్టి మాత్ర వేయించి మళ్ళీ పడుకోనిస్తారు. గంటకు ఆ మందు పనిచేయడం మొదలై, ఆరున్నరకు లేపితే లేవగలుగుతున్నాను. ఇది డాక్టర్ చెప్పిన పద్ధతే. పే బిల్లులు, లెక్కలు, కోర్టు కేసుల ఫైళ్ళు పదిన్నర నుంచి ఒంటిగంట లోపు ముగిస్తాను. మధ్యాహ్నం తపాలా, రికార్డు రూమ్ లాంటి నిలబడి చేసే పనులు పెట్టుకుంటాను. మా సూపరింటెండెంట్‌కు రిపోర్టు చూపించి అడిగితే సెక్షన్‌లో పని మార్పిడి చేసుకోనిచ్చారు. నార్కోలెప్సీ ఉన్నవాళ్ళు పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీస్తే కొంతసేపు తేటపడతారు. నా జబ్బులో పగటి నిద్ర గంటలకు గంటలు సాగుతుంది, లేచాక మత్తు ఇంకా పెరుగుతుంది. కాబట్టి అందరికీ ఒకే సలహా చెప్పకండి. కాఫీ మూడు తర్వాత ముట్టను, దాని ప్రభావం సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. స్కూటీ అమ్మేశాను. నూనె మూకుడు పొయ్యి మీద ఉండగా పక్కన ఎవరూ లేకుండా నిలబడను.

మందు విషయంలో ఒక హెచ్చరిక. మెలకువ కోసం నేను వాడే మొడాఫినిల్‌ను పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చీటీ లేకుండానే కొనుక్కుని మింగుతున్నారు. నాకు రాసినప్పుడు డాక్టర్ బీపీ చూశారు, ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపేయమన్నారు, ఇది వాడుతుంటే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవని, గర్భం వస్తే బిడ్డకు ప్రమాదమని విడమరిచి చెప్పారు. ఆ పిల్లలకు ఇవేవీ ఎవరూ చెప్పరు. మీ దగ్గరికి ఆయాసంతోనో గుండెదడతోనో వచ్చే విద్యార్థిని ఈ మాత్ర గురించి కూడా అడగండి.

నాకు జీతం ఉంది, హైదరాబాద్ వెళ్ళి రెండు రోజులు ఉండగలిగాను, పరీక్షకు వేలు పెట్టగలిగాను. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికో, ఆశా కార్యకర్తకో అది కుదరదు. అందుకే రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల పెద్దలకు కూడా ఈ ఉత్తరంలోనే ఒక విన్నపం. ఇప్పుడు చాలా జిల్లాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ప్రతి కాలేజీలో పల్మనాలజీ విభాగంలోనో న్యూరాలజీ విభాగంలోనో ఒక గది, రెండు మంచాలు, రాత్రి డ్యూటీకి శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటే నిద్ర పరీక్ష జిల్లాలోనే జరుగుతుంది. ఆప్నియా ఒక్కదానికైతే ఇంటికి ఇచ్చి పంపే చిన్న యంత్రాలే వచ్చాయి. సీపాప్ యంత్రం పేదవాడు కొనలేడు, ఆరోగ్య పథకాల్లో దానికి చోటివ్వాలి. షుగర్‌కు, బీపీకి ఇంటింటికీ తిరిగే ఏఎన్‌ఎంలకు నిద్ర ప్రశ్నలు రెండు నేర్పడానికి ఒక పూట శిక్షణ చాలు.

అది జరిగేలోపు మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఓపీ చీటీ మీద బీపీ, బరువు, షుగర్ రాసే గళ్ళ కింద నిద్రకు ఒక గడి పెట్టించండి. పడుకునే టైము, లేచే టైము, గురక ఉందా లేదా, పగలు కునుకు పడుతుందా లేదా. నర్సు నింపి పంపుతుంది. ఆ గడిలో తేడా కనపడి, రక్తపరీక్షల్లో ఏమీ దొరకని మనిషికి “ఏం లేదు” అని కాకుండా, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ వేసి ఇవ్వండి.

ఇట్లు,
మీ ఓపీ క్యూలో కూర్చున్న పేషెంట్లలో ఒకరు,
ఖమ్మం జిల్లా